కట్టల లెక్కన సముద్రపు పిట్టలు

సోలాపూర్ నీలం నగర్‌లో మా గల్లీకి వచ్చి చంద్రభాగ మ్యాకల్ ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా కాసేపు తడుముకుంటారు. పచ్చీస్ చంద్రభాగ ఇల్లెక్కడని అడిగితే మాత్రం పసిపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. ఆ పేరు ఆమెకు బీడీల వల్ల వచ్చింది. బీడీ కట్టకు పచ్చీస్, అంటే ఇరవై అయిదు బీడీలు. చాటలో కుప్పగా పడి ఉన్న బీడీల్లోకి చెయ్యి పెట్టి ఆమె ఒక్క పిడికెడు తీస్తే, అందులో ఇరవై అయిదే ఉంటాయి. ఇరవై నాలుగు ఉండవు, ఇరవై ఆరూ ఉండవు. తొమ్మిదో ఏట నుంచి వాళ్లమ్మ చుట్టిన బీడీలకు దారం కడుతూ అబ్బిన విద్య అది. బీడీ కార్ఖానాలో గుమాస్తా అందరి కట్టలూ విప్పి చూస్తాడు. ఆమె కట్టలను మాత్రం అలాగే పక్కకు జరుపుతాడు.

నేను ఆమె ఎదురింటిదాన్ని. నా పేరు యశోద. తెలుగు బడిలో ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి ఇంట్లో కూచున్నాను. మధ్యాహ్నం పూట చంద్రభాగ అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలు పెట్టుకుని బీడీలు చుడుతుంటే, చుట్టడం రాకపోయినా నేనూ పోయి కూచుంటాను. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ అరుగు మీద విన్నదే. అక్కడివాళ్లతో ఆమె మాట్లాడింది మరాఠీలో, మాకు చెప్పింది మన భాషలో. నేనూ మన భాషలోనే రాస్తున్నాను.

రెండేళ్ల కింద, నవంబరు ఆఖరులో, ఆమె కూతురు మనీషా కాలు విరిగింది. మనీషా నర్సు. కొంకణ తీరంలో, సింధుదుర్గ్ జిల్లాలో ఒక చిన్న రేవు ఊరి ఆస్పత్రిలో ఉద్యోగం. చేపలు కొనడానికని రేవు మెట్లు దిగుతూ నాచు మీద జారింది. చీలమండ దగ్గర ఎముక విరిగి మోకాలి దాకా కట్టు వేశారు. రెండున్నర నెలలు నేల మీద కాలు మోపకూడదన్నారు.

ఫోను పెట్టేసి చంద్రభాగ వెంటనే సంచి సర్దడం మొదలుపెట్టింది. ఆమె భర్త అంబాదాస్ కుంఠా నాకాలో రాజారాం సేట్ పవర్‌లూమ్ కార్ఖానాలో తువ్వాళ్లు నేస్తాడు. నెమ్మది మనిషి. మగ్గాల మోతలో పని చేసీ చేసీ మాట్లాడటం మరిచిపోయాడని చంద్రభాగ అంటుంది.

"కొల్హాపూర్‌ల బస్సు మారాలె. ఒక్కదానివి పోతవా?" అన్నాడాయన.

"పండరిపురం పోలేదా?"

"పండరిపురం వేరే. అక్కడ గుడి ఉంటది, జనం ఉంటరు. గాడ సముద్రం ఉంటది."

"ఉండనీ. నేను దాని జోలికి పోతనా?"

యాభై ఎనిమిదేళ్ల వయసులో ఆమె సముద్రం చూడటం అదే మొదటిసారి. ఘాట్ రోడ్డు దిగాక బస్సు కిటికీలోంచి కొబ్బరిచెట్ల సందున నీలంగా ఏదో మెరిసిందట. తువ్వాళ్లు ఉతికి ఆరేశారనుకుంది. బస్సు మలుపు తిరిగినా ఆ తువ్వాలు అయిపోలేదు. అప్పుడు పక్క సీట్లో ఆమెను అడిగింది, "ఇదేనా బాయి?" అని. "ఇదే" అని ఆమె నవ్విందట.

మనీషా ఉండేది పార్వతీబాయి అనే చేపలమ్మే ఆమె ఇంట్లో ఒక గది. ఆ ఇల్లు ఒక అఖాతం ఒడ్డున ఉంది. సముద్రం అక్కడ భూమిలోకి గిన్నెలాగా చొచ్చుకు వచ్చింది. రెండు పక్కలా కొండ కొనలు అడ్డం నిలబడటంతో అలలు మెత్తబడి ఒడ్డుకు చేరతాయి. దూరంగా నీళ్ల మధ్య నాలుగు రాతి దీవులు. వాటిలో పెద్దది మన గల్లీ అంత ఉంటుందని, చిన్నది మన అరుగంత ఉంటుందని చంద్రభాగ చెప్పింది.

మొదటి నాలుగు రోజులు ఇల్లు ఊడ్చడం, వంట, కూతురికి తల దువ్వడం. అయిదో రోజుకు పనంతా పొద్దున ఎనిమిదింటికే అయిపోయింది. ఆకు లేదు, తంబాకు లేదు. చేతులు ఊరికే ఉండలేక దుప్పటి అంచు పోగులు లాగడం మొదలుపెట్టాయి.

"అమ్మా, నా దుప్పటిని ఆగం చేస్తున్నవ్. జర బయటికి పోయి రా" అంది మనీషా.

బయటికి వచ్చి ఇసుక మీద కూచుంది. పోటు తీసి ఇసుక తడిగా, వెడల్పుగా ఉంది. దాని మీద పిట్టలు. తెల్లవి, బూడిద రంగువి, పెద్దవి, చిన్నవి. అన్నీ ఒకే వైపు, గాలి వచ్చే వైపు ముక్కు పెట్టి కూచున్నాయి. మా చంద్రభాగ జీవితంలో కుప్పగా ఏది కనిపించినా కట్టలు కట్టింది కాబట్టి వాటినీ కట్టడం మొదలుపెట్టింది. కళ్లతోనే ఇరవై అయిదు పిట్టలను పట్టుకుంది. అవి ఎంత జాగాలో ఉన్నాయో చూసుకుంది. ఆ పక్కన ఇంకో అంత జాగా. ఒక్కో కట్టకు ఒక్కో గవ్వ ఒడిలో వేసుకుంది. ముప్పై ఒక్క గవ్వలు అయ్యాయి.

మర్నాడు ముప్పై ఎనిమిది. ఆ మర్నాడు ఇరవై రెండు. ఆ రోజు కుక్కలు వచ్చి తరిమాయి.

పార్వతీబాయి చేపల గంప దించుకుంటూ అడిగింది. "ఏం చేస్తున్నావు బాయి రోజూ?"

"లెక్క పెడుతున్న."

"ఎవరికి చెప్పాలి?"

"ఎవరికీ చెప్పేది లేదు. ఎన్ని ఉన్నయో తెలుస్తే చాలు."

పార్వతీబాయి తల అడ్డంగా ఆడించి లోపలికి పోయింది. కానీ మర్నాటి నుంచి తలుపు దగ్గర చెప్పులు విప్పుతూ, "ఇవాళ ఎన్ని?" అని అడగడం ఆమెకు అలవాటైంది. పిట్టల పేర్లు కూడా ఆమే చెప్పింది. పెద్దవి కురవ్‌లు, సన్నగా పొడుగు రెక్కలున్నవి సురయ్‌లు. అలలు వెనక్కి పోగానే పరుగెత్తి, వస్తే మళ్లీ వెనక్కి పరుగెత్తే చిన్నవాటి పేరు ఆమెకూ తెలియదు. చంద్రభాగ వాటికి తనే పేరు పెట్టుకుంది, బస్సు దొరకనివాళ్లు అని.

జనవరి వచ్చింది. సోలాపూర్‌లో సిద్ధేశ్వర్ జాతర. పెళ్లయ్యాక మొదటిసారి ఆమె జాతరకు లేదు. ఆ దిగులు కొంత ఉండగానే, ఒక ఆదివారం పొద్దున ఇసుక మీదికి అయిదుగురు మనుషులు వచ్చారు. మెడలో దుర్భిణులు, చేతుల్లో కాగితాలు. పెద్దామె పేరు ఋతుజ. దగ్గరి పట్నంలో కాలేజీ మాస్టరమ్మ. మిగిలిన నలుగురూ ఆమె దగ్గర చదువుకునేవాళ్లు. జనవరిలో దేశమంతటా నీటి పక్షులను లెక్కపెడతారు కదా, దానికోసం వచ్చారు.

వాళ్లు చూసింది కాసేపే. ఒక పిల్ల ఎనిమిది వందలంది. ఒక పిల్లవాడు పదిహేను వందలకు తక్కువ లేవన్నాడు. ఇద్దరూ గొడవ పడుతుంటే ఋతుజ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టమంది. చంద్రభాగ కొంచెం దూరంలో కూచుని ఉంది. నోరు ఊరుకోలేదు.

"నలభై ఏడు కట్టల మీద తొమ్మిది" అంది.

అందరూ ఇటు తిరిగారు. "కట్టలేమిటి మావశీ?" అని పిన్నిని పిలిచినట్టు అడిగింది ఋతుజ.

"కట్ట అంటే ఇరవై అయిదు గదమ్మా. ఇగో, గవ్వలు చూసుకో."

ఋతుజ మనసులో లెక్క కట్టుకుంది. నలభై ఏడు పాతికలు పదకొండు వందల డెబ్భై అయిదు, మీద తొమ్మిది. పదకొండు వందల ఎనభై నాలుగు. ఆ పిల్లవాడు నవ్వబోయాడు. ఋతుజ అతని వైపు చూసింది, ఆగిపోయాడు. అప్పటికే వాళ్లు తీసిన ఫొటోలు ఉన్నాయి. కొబ్బరిచెట్ల నీడలో కూచుని, కంప్యూటర్‌లో ఆ ఫొటోలు పెద్దవి చేసి, ఒక్కో పిట్ట మీద ఒక్కో ఎర్ర చుక్క పెడుతూ లెక్కపెట్టారు. గంటన్నర పట్టింది. చంద్రభాగ ఈలోపల ఇంటికి పోయి మనీషాకు అన్నం పెట్టి తిరిగి వచ్చింది.

"పదకొండు వందల తొంభై ఒకటి" అంది ఋతుజ లేచి నిలబడి. "ఏడే తేడా! మావశీ, ఏడంటే ఏడే!"

నలుగురు పిల్లలూ చప్పట్లు కొట్టారు. చంద్రభాగ ముఖం మాడిపోయింది.

"ఏడు తప్పిపోయినయా?"

"తప్పిపోవడం కాదు, ఇంత దగ్గరగా ఎవరూ..."

"ఏడు తక్కువ వస్తే కారఖానల కట్ట తిప్పి మొఖం మీద కొడుతరమ్మా. నాకు గట్ల ఎన్నడూ కాలే. ఏ ఏడో చూపియ్యి నాకు."

 ఋతుజ కంప్యూటర్ ఆమె ముందు పెట్టింది. చంద్రభాగ చీర కొంగుతో కళ్లజోడు తుడుచుకుని, తను ఉదయం కట్టలు కట్టిన వరసలోనే ఫొటో అంతా చూసుకుంటూ పోయింది. చివరికి దొరికాయి. ఎవరో నడిచిపోయిన కాలి గుంటల్లో, ఒక్కో గుంటలో ఒక్కో చిన్న పిట్ట, గాలి తగలకుండా ఒదిగి కూచుంది. ఇసుక రంగులోనే ఉంది. తల మాత్రమే పైకి కనిపిస్తోంది. ఏడు గుంటలు, ఏడు పిట్టలు.

"దొంగలు" అంది చంద్రభాగ. అప్పుడు నవ్వింది.

తను చేసేది ఊరికే అలవాటని చంద్రభాగ అనుకుంది గానీ, పిట్టలను లెక్కపెట్టేవాళ్లు చేసేది కూడా అదేనని ఋతుజ చెప్పింది. ముందు కొన్నిటిని లెక్కపెట్టి, ఆ జాగాను కంటిలో పెట్టుకుని, మందంతా అలా కొలుచుకుంటూ పోతారు. అందుకు ఏళ్ల తరబడి సాధన చెయ్యాలి. "మీరెన్నేళ్లు చేశారు?" అని అడిగింది.

"నలభై తొమ్మిదేండ్లు" అంది చంద్రభాగ. నిజమే కదా.

కాగితం మీద లెక్కించినవారి పేర్లలో ఋతుజ ఆమె పేరు కూడా రాసింది. చంద్రభాగ అంబాదాస్ మ్యాకల్, సోలాపూర్. రాసింది చదివి వినిపించమని చంద్రభాగ అడిగింది. ఇంకోసారి చదవమంది. ఆ మాట మాకు చెప్పేటప్పుడు ఆమె చేతిలో బీడీ కాసేపు ఆగిపోయింది. జీతం పుస్తకంలో, రేషన్ కార్డులో తప్ప తన పేరు ఇంకెక్కడా రాయగా ఆమె చూడలేదు.

"రేపు దీవుల దగ్గరికి పోతున్నాం. మీరూ రావాలి" అంది ఋతుజ.

"పడవల? నేనా?"

ఇంటికి పోయి మనీషాతో చెబితే, "పోవే అమ్మా! నేను పోదామనుకుంటే గీ కాలు" అని కూతురే తొందర పెట్టింది. పడవ పార్వతీబాయి పెద్దకొడుకు మంగేశ్‌ది. నలభై ఏళ్ల మనిషి. చలికాలమంతా యాత్రికులను తిప్పుతాడు.

పొద్దున ఆరున్నరకు బయలుదేరారు. పడవ కదలగానే చంద్రభాగ రెండు చేతులతో అంచు పట్టుకుని, కళ్లు మూసుకుని, మార్కండేయుణ్ణి తలుచుకుంది. పావుగంట తర్వాత ఒక కన్ను తెరిచింది. ఇంకాసేపటికి రెండోది. దీవులు ఎదురుగా ఉన్నాయి. నల్లరాయి పైన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అంతా పిట్టల రెట్ట. ఆ తెలుపు మీద వందల కొద్దీ సురయ్‌లు. పసుపుపచ్చ ముక్కు, తల వెనక నల్లటి వెంట్రుకల్లాంటి ఈకలు గాలికి లేచి నిలబడి ఉన్నాయి.

"తల దువ్వుకోకుండ బడికి వచ్చినట్టున్నరు" అంది చంద్రభాగ.

పిల్లలు నవ్వు ఆపుకోలేక నోళ్లు మూసుకున్నారు. దీవికి చాలా ఇవతలే మంగేశ్ ఇంజను ఆపాడు. దగ్గరికి పోవద్దని ఋతుజ ముందే చెప్పింది.

"ఇసుక మీద మంచిగనే ఉండె గదా, గీ రాళ్ల మీద ఏముందని వస్తయి?" అని అడిగింది చంద్రభాగ.

ఋతుజ చెప్పింది. పోటు వచ్చినప్పుడు ఆ ఇసుకంతా మునిగిపోతుంది. మిగిలిన కాస్త ఒడ్డు మీద కుక్కలు, మనుషులు, బండ్లు. పిట్టకు తిండి ఎంత అవసరమో, తిన్నాక ఎవరూ లేపకుండా కూచునే చోటు అంత అవసరం. అఖాతంలో నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, చేపపిల్లలు ఉంటాయి, తిండి దొరుకుతుంది. రాళ్ల మీదికి కుక్క రాదు, నక్క రాదు. అందుకే ఆ రెండూ పక్కపక్కన ఉన్నచోట ఇన్ని పిట్టలు. కొన్ని దీవుల మీద వానాకాలంలో గుడ్లు కూడా పెడతాయి. అప్పుడు సముద్రం పోట్లాడుతుంటుంది, ఏ పడవా అటు పోదు. ఈ కురవ్‌లలో చాలావాటిది ఈ ఊరే కాదు. ఎక్కడో ఉత్తరాన, మంచు దేశాల నుంచి వస్తాయి.

"మా తాత గూడ నల్లగొండ నుంచి వచ్చిండు, మగ్గం పనికి" అంది చంద్రభాగ. "ఇవి మళ్ల పోతయా?"

"మార్చిలో పోతాయి."

"మేము పోలే" అంది చంద్రభాగ, కట్టలు కడుతూనే.

పన్నెండో కట్ట కట్టి పదమూడోది మొదలుపెట్టింది. అప్పుడు దీవి పక్క నుంచి ఇంకో పడవ వచ్చింది. యాత్రికుల పడవ. అందరూ నారింజ రంగు జాకెట్లు వేసుకుని ఉన్నారు. పడవవాడు రాళ్ల దగ్గరకంటా పోనిచ్చి, నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేశాడు. యాత్రికులు చప్పట్లు కొట్టారు. సురయ్‌లన్నీ ఒక్కసారి లేచాయి. ఆకాశమంతా అరుపులు. జనం ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

చంద్రభాగ కట్టలు చెదిరిపోయాయి. ఆమె పడవలో లేచి నిలబడింది. పడవంటే భయమన్న సంగతి ఆ క్షణంలో గుర్తు లేదు. కోపం వస్తే ఆమెకు మరాఠీ రాదు.

"ఏయ్! సిగ్గున్నదా మీకు? పండుకున్నోళ్లను లేపుతరా? మీ ఇంట్ల రాత్రి పాళి చేసి వచ్చి పండుకున్న మనిషిని గిట్లనే చప్పట్లు కొట్టి లేపుతరా? ఓ బట్టతలాయనా, నిన్నే! గా ఫోను కింద పెట్టు! మస్తు మురుస్తున్నవ్!"

మగ్గాల వాడలో పుట్టినవాళ్లకే తెలుస్తుంది ఆ తిట్టు బరువు. రాత్రి పాళిలో తెల్లవార్లూ మగ్గం నడిపి పగలు పడుకున్న మనిషి ఇంటి ముందు మా గల్లీలో పిల్లలు కూడా గోలీలు ఆడరు.

 అవతలి పడవలోంచి ఒక ఆడ గొంతు వినిపించింది. "అగో, తెలుగే మాట్లాడుతున్నది!"

బట్టతలాయన ఫోను కిందికి దించాడు. అరచేయి కళ్లకు అడ్డం పెట్టుకుని ఇటు చూశాడు.

"ఎవరది? అంబాదాస్ భార్య గాదు?"

చంద్రభాగ కూడా చూసింది. నారింజ జాకెట్టులో, చెంపల మీద తెల్లగా ఏదో రాసుకుని, ఆయన కుంఠా నాకా రాజారాం సేట్. ఆమె భర్త పని చేసే కార్ఖానా యజమాని.  చంద్రభాగ చటుక్కున కూచుని కొంగు తల మీదికి లాక్కుంది. పడవ ఊగింది.

"ఎవరు మావశీ? తెలిసినవాళ్లా?" అని ఋతుజ అడిగింది.

"నా పెనిమిటి సేటు" అంది చంద్రభాగ కొంగులోంచి.

 రాజారాం తమ పడవవాడి భుజం తట్టి ఇంజను ఆపమన్నాడు. రెండు పడవలూ అలా నీళ్ల మీద ఊగుతూ నిలబడ్డాయి. పావుగంట గడిచాక పిట్టలు ఒక్కొక్కటే రాళ్ల మీదికి దిగడం మొదలుపెట్టాయి. రాజారాం గొంతు తగ్గించి, నీళ్ల మీదుగా అడిగాడు.

"చంద్రభాగమ్మా, ఎన్ని ఉన్నయ్?"

"ఇప్పుడే చెప్పలేను సేట్. మళ్ల మొదటి నుంచి కట్టాలె" అంది కొంగు కొద్దిగా జరిపి.

ఆయన కూడా వేలు ముందుకు పెట్టి లెక్క మొదలుపెట్టాడట. అరవై దాకా పోయి, మరిచిపోయి, మళ్లీ మొదలుపెట్టాడు. నాలుగోసారికి భార్య ఆయన చెయ్యి కిందికి లాగింది.

ఆ సాయంత్రమే అంబాదాస్ దగ్గర నుంచి ఫోను వచ్చింది.

"ఏమే, సేట్‌ను సముద్రంల నిలబెట్టి తిట్టినవట?"

"నిలబడ్డది నేను. ఆయన కూసున్నడు."

"ఇరవై రెండేండ్ల నుంచి ఆయన దగ్గర చేస్తున్న. ఒక్కనాడు ఒక్క మాట అనలే."

"నువ్వు అనలేదనే నేను అన్న."

ఆ రాత్రి ఆమెకు కొంచెం భయం వేసిన మాట నిజం. పని పోతే ఎట్లా అనుకుంది. మర్నాడు అంబాదాస్ మళ్లీ ఫోను చేశాడు, నవ్వుతున్నాడు. రాజారాం కార్ఖానా మేనేజరుకు ఫోను చేసి, తను తిట్లు తిన్న సంగతి తానే చెప్పుకున్నాడట. మగ్గాల దగ్గర అందరికీ తెలిసిపోయింది. అంబాదాస్ వీపు మీద చరిచి మరీ నవ్వుతున్నారట. "నాకే సిగ్గయితున్నది" అన్నాడు అంబాదాస్. కానీ ఆ గొంతులో సిగ్గు లేదని చంద్రభాగ అంటుంది.

అంతటితో అయిపోలేదు. ఆ రోజు దీవుల నుంచి తిరుగు దారిలో మంగేశ్ ఏదో గొణుగుతూ ఉన్నాడు. ఒడ్డుకు వచ్చాక అసలు సంగతి చెప్పాడు. యాత్రికులను తిప్పే రోజుల్లో తనూ అలాగే ఈల వేస్తాడు. "పిట్టలు ఎగరకపోతే వాళ్లకు చూసినట్టుండదు మావశీ. ఫొటో రాలేదంటారు. వేరే పడవ ఎక్కుతారు. నేనేం చెయ్యను?"

ఋతుజ అతనికి నచ్చజెప్పబోయింది. చంద్రభాగ అడ్డం వచ్చింది.

"వాళ్లకు ఏదో ఒక ఆట గావాలె, అంతే గదా? లెక్కపెట్టే ఆట పెట్టు. దూరంగ పడవ ఆపు. ఎన్ని ఉన్నయో అందరిని చెప్పమను. ఎవరి లెక్క దగ్గరికి వస్తదో వాళ్లకు మీ అమ్మ చేసే సోల్‌కఢీ ఒక గిలాస."

"సరైన లెక్క ఎవరు చెబుతారు?"

"నేనున్న గదా, ఇంకో నెల."

మంగేశ్ నమ్మలేదు. అయినా మర్నాడు ప్రయత్నించాడు. పన్నెండు మంది యాత్రికులు, మధ్యలో చంద్రభాగ. లెక్కపెట్టేటప్పుడు మాట్లాడితే తప్పిపోతుంది కాబట్టి ఎవరూ మాట్లాడలేదు. పిట్టలు ఎగిరితే ఆట పోతుంది కాబట్టి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పుణె నుంచి వచ్చిన ఒక ముసలాయన, ఆయన అల్లుడు ఒకరి లెక్క ఒకరు ఒప్పుకోక ఒడ్డుకు వచ్చేదాకా వాదించుకున్నారు. కోకం పండు పులుపు కలిపిన ఆ కొబ్బరిపాలు చివరికి ముసలాయన కోడలు తాగింది. ఆమె ఎవరికీ చెప్పకుండా చేతి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. వారం తిరిగేసరికి రేవులో ఇంకో రెండు పడవలు ఆ ఆట మొదలుపెట్టాయి. ఈల వేసే పడవాయన చివరిదాకా మొండికేశాడు. ఫిబ్రవరిలో ఆయనా ఒకరోజు పార్వతీబాయి ఇంటి ముందు నిలబడి, "ఒక చెంబెడు సోల్‌కఢీ దొరుకుతుందా?" అని అడిగాడు.

చంద్రభాగకు ఆ దీవులు నచ్చినట్టు ఇంకేదీ నచ్చలేదు. ఎందుకని అడిగాను ఒకసారి. బీడీ ఆకు కత్తిరిస్తూ ఆలోచించింది.

"ఆడ ఎవ్వరూ ఏమీ చెయ్యరు టీచరమ్మా. ఊకె కూసుంటయి. రెక్కలు సర్దుకుంటయి, ఒక కాలు మడుచుకుంటయి, నిద్రపోతయి. నేను పుట్టినకాడికెళ్లి అంతమంది ఒక్క జాగల ఊకె కూసున్నది చూడలే."

ఫిబ్రవరి మధ్యలో మనీషా కట్టు విప్పారు. మొదటి అడుగులు ఇసుక మీదే వేసింది, అమ్మ భుజం పట్టుకుని. వారం తర్వాత చంద్రభాగ సోలాపూర్ బస్సు ఎక్కింది. గల్లీలోకి ఆటో రాగానే మేమంతా బయటికి వచ్చాం. అంబాదాస్ ఆటో డబ్బులిస్తూ, "జర జాగ్రత్త, తిడతది" అన్నాడు మాతో. ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం మేమెప్పుడూ వినలేదు.

రాజారాం సేట్ ఆ ఉగాదికి ఇంటికి వచ్చాడు. చంద్రభాగ లోపలికి పోయి దాక్కోబోతే, ఆయన అరుగు మీదే కూచుని తన ఫోను తీశాడు. ఆ రోజు తీసిన ఫొటో. రాళ్లు, సురయ్‌లు. "నాలుగు వందల పన్నెండు. మూడుసార్లు చూసిన. సరిగ్గనే ఉన్నదా?" అని అడిగాడు. చంద్రభాగ ఫోను తీసుకుని చాలాసేపు చూసింది. "నాలుగు వందల పదిహేను సేట్. గీ రాయి వెనుక తోకలు చూడుండ్రి" అంది. ఆయన ఆ రాయి మీద వేలు పెట్టి పెద్దది చేసి చూసి, "అరే!" అన్నాడు.

పోయిన జనవరిలో ఋతుజ చంద్రభాగకు కబురు పెట్టింది, వీలైతే ఇంకొందరిని తీసుకురమ్మని. అరుగు మీద ముగ్గురు సరేనన్నారు. పూజ, కోమల్, వాళ్ల అత్త యల్లమ్మ. నన్ను ఎవరూ అడగలేదు. కట్టలు కట్టడం రానిదాన్ని కదా. నేనే అడిగాను.

"రా టీచరమ్మా" అంది చంద్రభాగ. "కూడికలు నువ్వు చెయ్యి."

కొల్హాపూర్‌లో బస్సు మారి, ఘాట్ దిగి పోయాం. పార్వతీబాయి ఇంట్లో చేపల కూర తిన్నాం. యల్లమ్మకు ఆ కూరలో కొబ్బరి నచ్చక, మర్నాడు తనే పొయ్యి దగ్గర కూచుని మన కారం వేసి వండింది. పార్వతీబాయి కళ్ల నీళ్లు తుడుచుకుంటూ రెండోసారి వడ్డించుకుంది. మనీషా ఆస్పత్రి నుంచి సెలవు పెట్టి మాతో వచ్చింది.

పడవలో నా సంగతి ఏం చెప్పను? సగం దూరం దాకా తల దించుకునే ఉన్నాను. పూజ నా వీపు రాస్తూ కూచుంది. ఇంజను ఆగాక తలెత్తాను. ఎదురుగా దీవి. ఇవతల పడవలో మనుషులం ఇంతమందిమి ఉన్నా, ఒక్క పిట్ట కూడా మా వైపు చూడటం లేదు. ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఆవులించింది. పిట్టలు ఆవులిస్తాయని నాకప్పటిదాకా తెలియదు.

నలుగురు ఆడవాళ్లూ నాలుగు రాళ్లు పంచుకుని లెక్క మొదలుపెట్టారు. ఋతుజ కాగితం నా చేతికిచ్చింది. పూజ పదకొండు కట్టలంది. కోమల్ తొమ్మిది మీద నాలుగంది. యల్లమ్మ చెప్పను, ఇంకా కాలేదంది. నేను రాసి, పాతికతో హెచ్చించి, కూడిక చేశాను. ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన హెచ్చవేతలు. తప్పు పోతుందేమోనని రెండుసార్లు చేసి చూసుకున్నాను.

ఈలోగా పోటు పెరుగుతోంది. అఖాతం వైపు ఇసుక మునుగుతున్నట్టుంది, అక్కడి నుంచి కురవ్‌లు లేచి ఇటు రావడం మొదలైంది. మొదట అయిదారు. తర్వాత ఒక బారు. తర్వాత ఎటు చూసినా రెక్కలే. దీవి మీద ఉన్నవి కొద్దికొద్దిగా జరిగి వాటికి చోటిస్తున్నాయి. యల్లమ్మ లెక్క చెదిరిపోయి నెత్తి పట్టుకుంది.

"ఓ చంద్రభాగా, ఇంకా వస్తనే ఉన్నయే!"

"రానీ" అంది చంద్రభాగ. కళ్లజోడు ముక్కు మీదికి జరుపుకుని మళ్లీ మొదటి కట్ట పట్టుకుంది.